మంచి టేకు చేతిలో ఉన్నా సన్నివేశం ఎందుకు కుదరదు: విద్యార్థి చిత్రాల ఎడిటింగ్‌లో సమస్య - పరిష్కారం

అనంతపురం చుట్టుపక్కల పల్లెల్లో, నటన అలవాటు లేని మనుషులతో, ఒకే కెమెరాతో తీసిన వాస్తవిక చిత్రాలను ఎడిట్ చేసేటప్పుడు తరచుగా ఎదురయ్యే చిక్కులివి. ఉదాహరణలు చాలావరకు ఒకే సన్నివేశానికి చెందినవి. ఇంటి ముందు కూర్చుని తల్లి వేరుశనగ మొక్కల నుంచి కాయలు తెంచుతూ ఉంటుంది, బెంగళూరుకు కూలి పనికి వెళ్తున్నానని కొడుకు చెబుతాడు. ఒకే షాట్‌ను మళ్ళీ మళ్ళీ తీసినప్పుడు ఒక్కోసారి తీసినదాన్ని టేకు అంటారు. తల్లి వైపు కెమెరా పెట్టి తీసిన ఆరు టేకులు, కొడుకు వైపు పెట్టి తీసిన నాలుగు టేకులు ఉన్నాయి.

సమస్య: మాట స్పష్టంగా ఉన్న టేకునే పెట్టాం, అయినా సన్నివేశం నాటకంలా ఉంది

కారణం చాలాసార్లు ఒక్కటే. చిత్రీకరణ రోజున దర్శకుడు "ఓకే" అన్నది చివరి టేకుకు కాబట్టి, ఎడిటింగ్‌లోనూ చెయ్యి దానిమీదికే పోతుంది. మా సన్నివేశంలో ఆరో టేకులో ఆ తల్లి, "నువ్వు మళ్ళీ ఎప్పుడు తిరిగి వస్తావు?" అని కాగితం మీద ఉన్నది ఉన్నట్టు పలికింది. మొదటి టేకులో మాత్రం "మల్లెప్పుడొస్తావప్పా" అని సగం మింగేసింది. అయితే ఆ మొదటి టేకులోనే, కొడుకు "పోతాండా" అన్న మాట చెవిన పడగానే ఆమె చెయ్యి ఆగింది. ఇంకా రెండు కాయలు మిగిలి ఉండగానే మొక్కను చెత్త వైపు వేసేసి, మళ్ళీ దాన్నే వెతికి తీసుకుంది. ఆరో టేకులో చెయ్యి ఆగనే లేదు సరికదా, కొడుకు నోరు తెరవకముందే ఆమె కళ్ళు అటు తిరిగాయి, ఎందుకంటే అతను ఏమనబోతున్నాడో ఆమె అప్పటికే ఐదుసార్లు విని ఉంది. అలవాటు లేనివారు టేకు టేకుకూ మాటను నేర్చుకుంటారు, వినడం మరచిపోతారు. బ్రిటిష్ దర్శకుడు కెన్ లోచ్ కథాక్రమంలోనే చిత్రీకరిస్తూ, ముందు ఏం జరగబోతోందో నటులకు చెప్పకుండా దాచడానికి కారణం ఇదే.

పరిష్కారం: ముందుగా శబ్దం పూర్తిగా తీసేసి, చేతులను మాత్రమే గమనిస్తూ ఆరు టేకులూ చూడండి. తర్వాత తెరను ఆపి, మాటను మాత్రమే వినండి. చేతులూ గొంతూ రెండూ నిజంగా ఉన్న టేకులో ఒక మాట తడబడినా అది పనికొస్తుంది. ఆ ఒక్క మాటా మరీ అర్థం కాకపోతే, మూడో టేకులోని గొంతును తీసుకుని, కొడుకు ముఖం తెర మీద ఉన్నప్పుడు వినిపించండి. కాగితం మీద ఉన్నట్టు పలకలేదన్న కారణంతో టేకును తీసేయడం నా దృష్టిలో ఈ తరహా చిత్రానికి చేసే అన్నిటికన్నా పెద్ద అన్యాయం. అలాగని మొదటి టేకును నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అందులో ఫోకస్ తప్పడం, మనిషి కెమెరా వైపు ఒక్క క్షణం చూడడం మామూలే. ఆ చూపుకు ముందే కట్ చేయగలిగితే సరి, లేకపోతే వదులుకోవాలి.

సమస్య: కాయల కుప్ప ఒక షాట్‌లో పెద్దది, తర్వాతి షాట్‌లో చిన్నది

టేకుల మధ్య పని ఆగకుండా సాగడం వల్ల ఇలా అవుతుంది. దీనికోసం మంచి టేకును బలిపెట్టకండి. ఒక కట్‌ను తూచడానికి ఎడిటర్ వాల్టర్ మర్చ్ చెప్పిన ఆరు ప్రమాణాల్లో భావానికి 51 శాతం ఉంటే, స్థలపరమైన కొనసాగింపుకు, అంటే ఏది ఎక్కడుందో షాట్ షాట్‌కూ తేడా రాకుండా ఉండడానికి, 4 శాతమే ఉంది. కుప్ప ఫ్రేము బయటికి పోయేలా బొమ్మను కొద్దిగా పెద్దది చేయండి, లేదా ఆమె చెయ్యి కదులుతున్న క్షణంలో కట్ చేయండి. నీడ మాత్రం అలా దాగదు. పొద్దున తీసినదాన్నీ సాయంత్రం తీసినదాన్నీ పక్కపక్కన పెడితే ఎవరికైనా తెలిసిపోతుంది.

సమస్య: విడివిడిగా చూస్తే అన్ని టేకులూ బాగున్నాయి, కలిపితే అతకడం లేదు

ఒక్కో వాక్యానికి ఒక్కో టేకు చొప్పున ఎంచుకోవడమే కారణం. తల్లి రెండో టేకులో కోపంగా ఉంది, ఐదో టేకులో నీరసించిపోయింది. రెండిటినీ కలిపితే ఆమె మనసు ఎటూ తేలదు. ఎడిటింగ్ మొదలుపెట్టే ముందు ఒక్క టేకును సన్నివేశానికి వెన్నెముకగా నిర్ణయించి, మొదటినుంచి చివరిదాకా దాన్ని కోయకుండా పరవండి. అది ఎక్కడ కుంటుతుందో అక్కడ మాత్రమే వేరే టేకుతో అతుకు వేయండి. కొడుకు టేకుల్లోనూ అతను బాగా మాట్లాడినదాన్ని కాక, బాగా విన్నదాన్ని ఎంచుకోవాలి. క్లాప్‌కూ "యాక్షన్"కూ మధ్య, "కట్" తర్వాత కెమెరా ఇంకా నడుస్తున్న ఆ రెండు మూడు సెకన్లలో కూడా వెతకండి. మాకు దొరికిన అతి మంచి మౌనం, షాట్ అయిపోయిందనుకుని అతను తల దించుకున్నప్పటిది.

సమస్య: ఇరవైసార్లు చూశాక ఏ టేకుకూ తేడా తెలియడం లేదు

కంటికి అలవాటు పడిపోవడమే. మొదటిసారి చూస్తున్నప్పుడే టేకు సంఖ్య పక్కన ఒక్క మాట రాసుకోండి: "చెయ్యి ఆగింది", "అబద్ధం", "మూలుగు". తర్వాత ఎన్నిసార్లు చూసినా ఆ కాగితం మాటే నమ్మండి.

సమస్య: బొమ్మ అద్భుతం, శబ్దం నిండా గాలి

రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే గాలి మన మైకును మాత్రం ఎందుకు వదులుతుంది? గాలి మైకును నేరుగా కొట్టి శబ్దం పగిలిపోతే, ఆ మాటను శుభ్రపరచడం దాదాపు కుదరదు. వేరే టేకులోని అదే మాటను పెదవుల కదలికకు సరిచూసి అతికించాలి. సన్నగా వినిపించే హోరు అయితే అంత భయం లేదు, అది అన్ని షాట్లలోనూ ఒకే స్థాయిలో ఉంటే వినేవారు పట్టించుకోరు. అందుకే అదే చోట ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం శబ్దాన్ని రికార్డు చేసుకుని, అతుకుల కింద పరవాలి.

ఫోన్‌తో తీసిన టేకుల్లో మాట మొదట్లో కలిసి, పోనుపోను పెదవుల నుంచి జారిపోతుంటే, ఫోన్ ఫ్రేముల వేగాన్ని, అంటే సెకనుకు తీసే బొమ్మల సంఖ్యను, మార్చుకుంటూ పోయిందని అర్థం. ఎడిటింగ్‌కు ముందే హ్యాండ్‌బ్రేక్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో స్థిరమైన వేగానికి మార్చుకోండి. ట్యూబ్‌లైట్ కింద తీసినవాటిలో చారలు పాకుతుంటే కారణం షట్టర్ వేగం, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగును తీసుకునే సమయం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ సెకనులో 1/50 లేదా 1/100 వంతు ఉండాలి. చారలు పడ్డ టేకు ఎంత బాగున్నా దాన్ని జాబితాలో చివరికి నెట్టండి.

సమస్య: అన్నిటికన్నా బలమైన టేకు మనది కాదనిపిస్తోంది

నాలుగో టేకులో ఆ తల్లి సంభాషణ వదిలేసి, బెంగళూరుకు పోయిన సొంత కొడుకు సంగతీ, తమకు అప్పిచ్చినవారి పేరూ చెప్పి ఏడ్చింది. పాత్రకూ మనిషికీ మధ్య గీత చెరిగిపోయింది కాబట్టే ఆ టేకు అంత బలంగా ఉంది. చిత్రీకరణకు ముందు ఆమె ఇచ్చిన అనుమతి దీనికి చాలదు. ఎడిట్ చేసిన సన్నివేశాన్ని ఫోన్‌లో వేసుకుని ఆ ఇంటికే వెళ్ళి, ఆమెకూ ఇంట్లోవారికీ చూపించి, ఉంచమంటారా అని అడగాలి. మేము వెళ్ళినప్పుడు ఏడుపు ఉంచమంది, పేరు తీసేయమంది. పేరు ఉన్న చోట మొదటి టేకులోని చేతులను పెట్టాం.