ఊరినే పాఠంగా: ప్రాథమిక తరగతుల్లో చరిత్ర, భూగోళం, మతాల పరిచయం

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో మూడు నుంచి ఐదో తరగతి వరకు చరిత్ర, భూగోళం విడివిడి సబ్జెక్టులుగా ఉండవు. పరిసరాల విజ్ఞానంలోనే కలిసి ఉంటాయి. దీన్ని లోటుగా భావించే ఉపాధ్యాయులు ఉన్నారు గానీ, నా దృష్టిలో ఇదే పెద్ద వెసులుబాటు, ఎందుకంటే ఊళ్లోని చెరువు, గుడి, మసీదు, చర్చి ఏ ఒక్క సబ్జెక్టుకూ చెందినవి కావు.

చరిత్రను తాడుతో మొదలుపెట్టండి. బట్టలారేసే తాడు ఒకటి తీసుకుని, ఒక చివర ఈ సంవత్సరంగా గుర్తించి, జానకు పదేళ్ల చొప్పున ముడులు వేయించండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడు పుట్టారో అడిగి రమ్మనండి. నాయనమ్మలు సాధారణంగా సంవత్సరం చెప్పరు; దివిసీమలోనైతే 'ఉప్పెన వచ్చిన ఏడాది' అంటారు. అది 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన అని మీరు చెప్పగానే, అయిదో ముడి దగ్గర నాయనమ్మ మాటకు ఒక తేదీ దొరుకుతుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పదిహేడు జానల దూరంలో ఉంటుంది. రెండు వేల ఏళ్లకు పైబడిన అమరావతి స్తూపానికి మాత్రం రెండు వందల జానలు, అంటే దాదాపు 45 మీటర్ల తాడు కావాలి కాబట్టి, పిల్లలు దాన్ని పట్టుకుని తరగతి గది దాటి ఆవరణలోకి నడవవలసి వస్తుంది. ఆ నడకతో 'చాలా పాతది' అన్న మాటకు కొలత ఏర్పడుతుంది. అయితే 'మీ నాన్నను అడగండి' అనకుండా 'మీకు తెలిసిన పెద్దవాళ్లను అడగండి' అనడం మంచిది. తండ్రి లేని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు.

భూగోళంలో నేను చాలాకాలం చేసిన పొరపాటు గోడకు తగిలించిన పటంతోనే దిక్కులు చెప్పడం. దానివల్ల ఉత్తరం అంటే పైకి అని పిల్లలు స్థిరపరచుకుంటారు. పటాన్ని నేల మీద పరిచి, దాని ఉత్తరాన్ని అసలు ఉత్తరానికి కలిపి, చుట్టూ కూర్చోబెట్టండి. ఆ ఉత్తరాన్ని కనుక్కోవడానికి ఆవరణలో మీటరు కర్ర నిటారుగా పాతి, ఉదయం పదకొండున్నర నుంచి అయిదేసి నిమిషాలకు నీడ కొసను గుర్తిస్తే చాలు. అన్నిటికంటే పొట్టి నీడ ఉత్తర దక్షిణ రేఖ మీద పడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒక జూలైలో నేను మధ్యాహ్నపు నీడ ఉత్తరానికే పడుతుందని బోర్డు మీద రాస్తే, బయట కర్ర నీడ దక్షిణానికి పడింది, పిల్లలే చూపించారు. హైదరాబాదులో జూన్ చివర ఆ నీడ పది సెంటీమీటర్లే, అదీ దక్షిణానికి. ఆగస్టు మొదటి వారంలో దాదాపు మాయమవుతుంది. డిసెంబరు చివర ఉత్తరానికి 86 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. కాబట్టి ఈ పాఠాన్ని డిసెంబరులో చేయించడమే మేలు.

మతాల విషయంలో హద్దు స్పష్టంగా ఉంది. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన చేయరాదు. మతాల గురించి తెలియజెప్పడం మాత్రం వేరని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. ఆచరణలో ఇది క్రియాపదంతో తేలిపోతుంది: 'దేవుడు ఇలా చేశాడు' అనకుండా 'ఈ మతం వారు ఇలా నమ్ముతారు' అనాలి, ఆ మాటే అన్ని మతాలకూ వాడాలి. తరగతిలో ఉన్న ఒక్క ముస్లిం పిల్లవాడిని లేపి రంజాన్ గురించి చెప్పమనడం తగదు; తానుగా చెబితే వినవచ్చు.

పండుగల తేదీలతో మొదలుపెడితే వివాదం లేకుండా చాలా నేర్పవచ్చు. క్రిస్మస్ ఏటా డిసెంబరు 25నే వస్తుంది, రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందే వస్తుంది, ఉగాది మార్చి, ఏప్రిల్ నెలలు దాటి పోదు. ముస్లింలు పాటించే హిజ్రీ సంవత్సరానికి దాదాపు 354 రోజులే, అంటే 365 కంటే పదకొండు తక్కువ అనీ, మన పంచాంగం ఆ తేడాను అధిక మాసంతో సర్దుతుందనీ అయిదో తరగతి పిల్లలు తేలికగానే గ్రహిస్తారు. నెల్లూరు ప్రాంతంవారైతే బారాషహీద్ దర్గా రొట్టెల పండుగను, అన్ని మతాలవారూ చెరువులో దిగి రొట్టెలు మార్చుకునే తీరును, అక్కడి పిల్లల చేతనే చెప్పించవచ్చు.

ప్రార్థనా స్థలానికి తీసుకెళ్లేటప్పుడు తల్లిదండ్రుల సమ్మతి రాతపూర్వకంగా తీసుకోండి. దండం పెట్టడం, ప్రసాదం తినడం ఎవరికీ తప్పనిసరి కాదని ముందే చెప్పండి. తిరిగి వచ్చాక వెళ్లిన దారిని పటంగా గీయించి, అక్కడి శిలాఫలకం మీద చూసిన సంవత్సరాన్ని తాడు మీద ముడి వేయించండి.