చర్చి వాకిట్లో సేవ: కొత్తగా చేరే వాలంటీర్లకు కొన్ని సూచనలు

ఆదివారం ఆరాధనకు వచ్చేవారిని ద్వారం దగ్గర పలకరించి, లోపల చోటు చూపించి కూర్చోబెట్టే పనిని చాలా సంఘాల్లో యువకులకో, స్త్రీల సమాజం సభ్యులకో అప్పగిస్తారు. చూడటానికి చిన్న పనే అయినా, కొత్తగా వచ్చిన మనిషి మళ్లీ ఆ మెట్లు ఎక్కుతాడా లేదా అన్నది పాస్టరుగారు ప్రసంగం మొదలుపెట్టకముందే, ఈ వాకిట్లోనే చాలావరకు తేలిపోతుందని నా నమ్మకం.

ఈ సేవ చేయదలచినవారు ముందుగా సంఘ పెద్దలతో మాట్లాడి తమ వంతు ఏ ఆదివారమో తెలుసుకోవాలి. ఆ రోజున అరగంట ముందే చేరుకుని చాపలు పరిచారా, కుర్చీలు సరిపోతాయా, తాగునీరు ఉందా, పక్క తలుపుల గడియలు తీసి ఉన్నాయా అని చూసుకోవాలి. చెప్పులు బయట విడిచే చోట అవి గుమ్మానికి అడ్డంగా పోగుపడకుండా సర్దుతూ ఉండాలి. చూపు ఆనని వృద్ధులు వాటికి తట్టుకొని పడే ప్రమాదం ఉంది.

చేతులు జోడించి, ముఖం చూసి "వందనాలండీ" అంటే చాలు. "ఏ సంఘం మీది, బాప్తిస్మం తీసుకున్నారా" అని గుమ్మంలోనే ఆరా తీయడం తగదు. ఇంట్లో జబ్బు గురించో, పిల్లల ఉద్యోగం గురించో ప్రార్థన చేయించుకోవడానికి ఇతర మతాలవారూ వస్తుంటారు. వారి బొట్టు గురించి గానీ, నగల గురించి గానీ, తలపై ముసుగు లేకపోవడం గురించి గానీ ఒక్క మాట కూడా అనకూడదు.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది చోటు చూపించే విషయంలో. బంగారు ఉంగరం పెట్టుకొని వచ్చినవాడికి మంచి స్థలం చూపి, మాసిన బట్టల పేదవాణ్ణి నిలబడమనో, కింద కూర్చోమనో చెప్పడం పక్షపాతమని బైబిల్లోని యాకోబు పత్రిక (యాకోబు రాసిన లేఖ) రెండవ అధ్యాయం సూటిగా హెచ్చరిస్తుంది. అధికారి కారు దిగగానే ముందు వరుసలో కూర్చున్న కూలివారిని లేపి వెనక్కి పంపే అలవాటు ఎక్కడ ఉన్నా, దాన్ని ఆపవలసిన మొదటి వ్యక్తి వాలంటీరే. వృద్ధురాలి కోసమో, గర్భిణి కోసమో తప్ప ఎవరినీ లేపకూడదు. అప్పుడు కూడా "అన్నా, కొంచెం చోటిస్తారా" అని అడగాలి తప్ప ఆజ్ఞాపించరాదు. చంటిపిల్లల తల్లులకు తలుపుకు దగ్గరగా, మోకాళ్ల నొప్పులవారికి చాపకు బదులు కుర్చీలో చోటు ఉంచాలి.

ఆలస్యంగా వచ్చినవారిని వాక్యపఠనం, ప్రార్థన జరిగేటప్పుడు లోపలికి పంపకుండా, పాట మొదలయ్యాక వెంట నడిచి కూర్చోబెట్టాలి. వారి కోసం చివరి వరుసల్లో కొన్ని చోట్లు ముందే ఖాళీగా ఉంచితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

కానుకల సంచిని వరుస పొడవునా నెమ్మదిగా అందించాలి. ఎవరెంత వేస్తున్నారో చూడరాదు, వేయనివారి ముందు ఆగరాదు. సంచులు బల్ల దగ్గరికి చేరేవరకు ఇద్దరు కలిసే నడవాలి, లెక్కపెట్టేటప్పుడూ ఒక్కరే ఉండకూడదు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం) ఉన్న ఆదివారం వరుసల వారీగా దారి చూపుతూ, లేవకుండా కూర్చున్నవారిని రమ్మని బలవంతపెట్టకుండా వదిలేయాలి.

క్రిస్మస్, ఈస్టర్, డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలకు జనం మామూలుకంటే ఎక్కువగా వస్తారు కనుక నడవాల్లో అదనపు కుర్చీలు వేసి దారి మూసేయకూడదు. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు సిలువపై యేసు పలికిన ఏడు మాటల ధ్యానం జరిగే చోట, ఉపవాసం ఉన్నవారు ఎండకు, ఉక్కకు సొమ్మసిల్లే అవకాశం ఎక్కువ. అలా పడిపోయినవారి చుట్టూ జనం మూగకుండా చూసి, గాలి తగిలేచోటికి చేర్చి, కాళ్లు కాస్త ఎత్తులో ఉంచాలి. పూర్తిగా తెలివి వచ్చాకే నీళ్లు తాగించాలి; వెంటనే తేరుకోకపోతే ఆరాధన ముగిసేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.