వేరికోస్ వెయిన్స్‌కి స్టాకింగ్: కొలత నుంచి తొడగడం దాకా

పిక్క మీద మెలికలు తిరిగి ఉబ్బినవాటిని మనం నరాలంటాం గానీ అవి సిరలు. లాటిన్‌లో ఉబ్బిన సిరను వేరిక్స్ అనేవారు, జబ్బుకు ఆ పేరు అలా వచ్చింది. కాబట్టి వెళ్లాల్సింది నరాల డాక్టరు దగ్గరికి కాదు, వాస్క్యులర్ సర్జన్ దగ్గరికి. కాలి సిరల్లో రక్తాన్ని పైకే పోనిచ్చే కవాటాలుంటాయి. అవి సరిగా మూసుకోకపోతే రక్తం కిందికి జారి నిలిచిపోతుంది, సిర సాగిపోతుంది. ఎక్కడ లీకవుతోందో డాప్లర్ స్కాన్‌లో తెలుస్తుంది.

స్టాకింగ్ అంటే కాలిని బిగించి పట్టే పొడవాటి మేజోడు. అది ఉబ్బిన సిరను మాయం చేయదు. వాపు, బరువు, లాగుడు తగ్గిస్తుంది, అదీ సరైన సైజు అయితేనే. షుగర్ ఉన్నా, పొగతాగే అలవాటున్నా ముందు ఏబీఐ పరీక్ష (చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో పోల్చేది) చేయించుకోండి. ధమనుల్లో రక్తం సరిగా ఆడని కాలికి బిగుతు స్టాకింగ్ తొడిగితే చర్మం దెబ్బతిని పుండు పడుతుంది.

కొలత పొద్దున లేవగానే, వాపు రాకముందే తీయాలి. సాయంత్రం తీస్తే స్టాకింగ్ వదులవుతుంది. చీలమండ ఎముకకు కొంచెం పైన కాలు బాగా సన్నగా ఉన్నచోట, పిక్క బాగా లావున్నచోట టేపు చుట్టండి. మోకాలి మడత నుంచి నేల దాకా పొడవు కూడా కావాలి. కంపెనీ చార్టులో సైజు చూసేది వీటితోనే. బిగుతు డాక్టరు రాసినంతే, తరచుగా 20–30 మి.మీ. పాదరసం (mmHg) ఉంటుంది. బిగుతును చెప్పే క్లాస్ నంబరు దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి పెట్టె మీద ఈ అంకెనే చూడండి.

తొడిగేముందు కాలికి నూనె, క్రీము రాయొద్దు. స్టాకింగ్‌లోకి చెయ్యి పెట్టి, మడమ భాగం పట్టుకుని, అక్కడిదాకా లోపలివైపు బయటికి తిప్పండి. పాదం దూర్చి మడమ సరిగ్గా కుదిరాకే మిగతాది కొద్దికొద్దిగా పైకి జరపండి. పై అంచు పట్టి గుంజొద్దు. గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు వేసుకుంటే పట్టు దొరుకుతుంది, గోళ్లకు చిరగదు. ముడతలు అరచేత్తో సర్దేయాలి. పొడవైందని పై అంచు మడిచేవాళ్లు చాలామంది. మడతపడ్డచోట బిగుతు రెట్టింపై, మోకాలి కింద తాడు కట్టినట్టు రక్తాన్ని ఆపేస్తుంది.

రాత్రి తీసేయండి. గోరువెచ్చని నీళ్లలో ఉతికి, పిండకుండా నీడన ఆరేయండి. సుమారు 6 నెలలకు సాగుడు పోతుంది, కొత్తది కొనాలి.

ఉబ్బిన సిర పగిలి రక్తం చిమ్మితే వెంటనే పడుకోబెట్టి, కాలు గుండె కంటే ఎత్తులో పెట్టి, శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. పైన తాడు కట్టొద్దు. ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. ఒక్క కాలే హఠాత్తుగా వాచి పిక్క నొప్పెడితే స్టాకింగ్ జోలికి పోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. లోపలి సిరలో గడ్డ కట్టి ఉండొచ్చు.