పెర్షియన్ పిల్లిని ఈనించాలనుకుంటే వీధి పిల్లుల సంగతీ చూడండి

బరంపురంలో పెర్షియన్ పిల్లిని పెంచేవాళ్లలో చాలామందికి ఒక్క ఈతైనా తీసి కూనల్ని అమ్ముదామని ఉంటుంది. తీయండి, నేను వద్దనను. కాకపోతే మీ ఇంట్లో పుట్టిన కూన రేపు ఏ వీధి మొగలోనో ఈనకూడదు, నా షరతల్లా అదే.

ముందు పరీక్షలు. కిడ్నీల్లో నీటితిత్తులు వచ్చే పీకేడీ జబ్బు పెర్షియన్లలో వంశపారంపర్యం, తల్లికో తండ్రికో ఒక్కదానికున్నా చాలు, ఒక్కో కూనకి వచ్చే అవకాశం సగానికి సగం. డీఎన్ఏ పరీక్షకి బుగ్గలోపల పుల్లతో తీసిన నమూనా సరిపోతుంది. ఎదకొచ్చింది కదా అని ఏడాది నిండని పిల్లిని కట్టించొద్దు, కొన్ని నాలుగైదు నెలలకే ఎదకొస్తాయి మరి.

చూలు తొమ్మిది వారాలు. ఈనాక కూనల్ని 12 వారాలదాకా తల్లి దగ్గరే ఉంచాలి. కొనేవాళ్లు "చిన్నప్పుడే ఇస్తే మాలిమవుతుంది కదండీ" అని ప్రాణం తీస్తారు, లొంగకండి. కరవకుండా ఆడటం అది తోబుట్టువుల దగ్గరే నేర్చుకుంటుంది. అట్టపెట్టెలో పెట్టి ఇచ్ఛాపురం బస్సు ఎక్కించే పద్ధతి కూడా మానేసి, కొనేవాళ్లనే ఇంటికి రమ్మనండి.

వచ్చాక కాగితం రాయించుకోండి. కూనకి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయ్యేదాకా కొంత డిపాజిట్ మీ దగ్గరే ఉంటుంది, సర్టిఫికెట్ చూపిస్తే తిరిగిస్తారు. పెంచలేకపోతే ఎన్నేళ్లకైనా మీకే అప్పజెప్పాలి. ఒడియాలోనూ తెలుగులోనూ రాస్తే ఛత్రపురం వాళ్లకీ సోంపేట వాళ్లకీ "అర్థం కాలేదు" అనే సాకు ఉండదు. పెంపుడు జంతువుని వదిలేయడం 1960 చట్టం ప్రకారం నేరమని కింద ఒక ముక్క చేర్చండి.

ఇక రెస్క్యూ. జాలిపడి కాలవగట్టున దొరికిన కూనని తెచ్చి, ఈనిన పిల్లి ఉన్న గదిలో పెట్టకండి. అలాంటి కూన మోసుకురాగల పాన్‌ల్యూకోపీనియా అనే పిల్లుల జబ్బు వైరస్ నేలమీద ఏడాదిదాకా బతకగలదు, టీకాలు పూర్తికాని కూనల్ని వరసపెట్టి తీసుకుపోతుంది. మనం రోజూ తుడిచే ఫినాయిల్ దానికి లెక్కలేదు, పైగా పిల్లులకే విషం. గది కడిగి, ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కి 32 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. అంత టెన్షన్ ఎందుకు, ఈతలున్నన్నాళ్లూ రెస్క్యూ కూనని ఇంకో ఇంట్లో ఉంచి ఖర్చు మీరు భరించండి.

జాతి పట్టింపు లేదు, ఇంట్లో ఒక పిల్లి ఉంటే చాలనేవాళ్లు ఫోన్ చేస్తే ఆ రెస్క్యూ కూన ఫొటోయే పంపండి. అమ్మిన ప్రతి కూనకీ ఒక వీధి పిల్లికి ఆపరేషన్ చేయించండి. మత్తులో ఉండగానే చెవి కొస కత్తిరించమని డాక్టరుగారికి ముందే చెప్పాలి, లేకపోతే ఆపరేషన్ అయిందన్న ఆ గుర్తు లేక ఇంకెవరో అదే పిల్లిని మళ్లీ పట్టుకొస్తారు.