రెండో డ్రైవ్‌లో లినక్స్ పెడుతున్నారా? ముందు విండోస్ డ్రైవ్ వైరు తీయండి

విండోస్ ఒక డ్రైవ్‌లో, విండోస్ లాంటి మరో సిస్టమ్ అయిన లినక్స్ ఇంకో డ్రైవ్‌లో పెట్టుకుంటే ఒకదాని గొడవ ఇంకోదానికి అంటదని చాలామంది ధీమా. అందులో సగమే నిజం. ఫైళ్లు వేరువేరుగా ఉన్నా, కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా చదివే బూట్ ఫైళ్లు రెండు సిస్టమ్‌లవీ ఒకే డ్రైవ్‌లోకి చేరిపోవచ్చు. చేలు రెండైనా నీరొచ్చే బోదె ఒక్కటే అయితే, దానికి గండి పడిన రోజు రెండూ ఎండుతాయి. అలాగే పాత డ్రైవ్ పాడైతే కొత్తదాంట్లోని లినక్స్ కూడా లేవదు. లినక్స్ వద్దనుకుని ఆ డ్రైవ్ తుడిచేస్తే, విండోస్‌కు బదులు నల్ల తెర మీద గ్రబ్ రెస్క్యూ (గ్రబ్ అంటే లినక్స్‌ని లేపే ప్రోగ్రామ్) అన్న అక్షరాలు వచ్చి కూర్చోవచ్చు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కి పనికిరాని పాత కంప్యూటర్‌లో లినక్స్ వేద్దామనిపించడం సహజమే. కానీ భీమవరంలో రొయ్యల చెరువుల లెక్కలు టాలీలో రాసేవారికి, పాలకొల్లులో అను ఫాంట్లతో శుభలేఖలు కొట్టే డీటీపీ సెంటర్‌కి విండోస్ తీసేయడం కుదిరే పని కాదు. సెలవులకొచ్చిన అబ్బాయో అమ్మాయో "నాన్నా, ఇంకో ఎస్ఎస్‌డీ వేసి లినక్స్ పెడతా" అంటే కాదనక్కర్లేదు. ముహూర్తాల సీజన్‌లో మాత్రం వద్దనండి.

కరెంటు సంగతి

మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటిన 2025 అక్టోబర్ 28 లాంటి రాత్రి ఎవరూ ఈ పని పెట్టుకోరు. ఇబ్బందంతా మామూలు వానాకాలం సాయంత్రాలతోనే. కొబ్బరి మట్ట తీగ మీద పడుతుంది, కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. డ్రైవ్ వేరు కాబట్టి విండోస్ పార్టిషన్ (డ్రైవ్‌లో దానికి కేటాయించిన భాగం) కుదించే పని లేదు, అదొక పెద్ద ఊరట. ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతే లినక్స్ మళ్లీ మొదటినుంచి వేసుకోవచ్చు. బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే మాత్రం మదర్‌బోర్డే మూలన పడొచ్చు. ఆ రెండు పనులూ ఒకే రోజు పెట్టుకోకండి.

డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు. ఇంటి ఇన్వర్టర్ మీద నడుపుతుంటే దాని వెనకో పక్కనో యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. ఆ మోడ్‌లో లేకపోతే కరెంటు మారే ఆ క్షణంలోనే కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోవచ్చు. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా ఉంచి, చార్జర్ కూడా పెట్టి కూర్చోండి.

విండోస్‌లో ఉండగానే

టాలీ డేటా, డిజైన్ ఫైళ్లు, ఫాంట్లు అన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. కాపీ అయిందనుకుని వదిలేయకుండా, నాలుగైదు ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. ఆ హార్డ్ డిస్క్‌ని ఇన్‌స్టాల్ సమయంలో తగిలించి ఉంచొద్దు.

తర్వాత బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం. కొత్త విండోస్ 11 మెషీన్లలో మీరు అడగకపోయినా ఈ తాళం డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో ఆన్ అయి ఉండవచ్చు. సెక్యూర్ బూట్ (నమ్మకమైన బూట్ ఫైళ్లనే నడవనిచ్చే బయోస్ సెట్టింగ్) మార్చినా, బూట్ వరస మార్చినా విండోస్ 48 అంకెల రికవరీ కీ అడిగి ఆగిపోవచ్చు. అది లేకపోతే డేటా ఇక రాదు, ఏ రిపేర్ షాపూ తీసివ్వలేదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో కీ ఉందో లేదో ముందే చూసి కాగితం మీద రాసుకోండి. ఆ కీని అదే కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద టెక్స్ట్ ఫైల్‌గా దాచుకునే మహానుభావులు కూడా ఉంటారు.

ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా మూసుకోదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లోకి ఫైళ్లు రాస్తే అవి పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇంటెల్ మెషీన్లలో కొన్నిసార్లు లినక్స్ ఇన్‌స్టాలర్‌కి డ్రైవే కనిపించదు. బయోస్‌లో స్టోరేజ్ సెట్టింగ్ ఆర్ఎస్‌టీ లేదా వీఎండీ అనే ఇంటెల్ మోడ్‌లో ఉండటమే దానికి కారణం. వెంటనే దాన్ని ఏహెచ్‌సీఐ అనే మోడ్‌కి మార్చేస్తే విండోస్ నీలి తెర చూపిస్తుంది. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, అప్పుడు బయోస్‌లో మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యాక మామూలు మోడ్‌కి రావాలి. బిట్‌లాకర్ కీ చేతిలో లేకుండా ఇది కూడా చేయొద్దు.

పెట్టె విప్పాక

ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, తర్వాతే చెయ్యి పెట్టండి. మామూలుగా క్యాబినెట్ తాకితే జివ్వుమంటోందంటే ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేనట్టే. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, లినక్స్ ఆగుతుంది.

కొత్త డ్రైవ్ బిగించి, విండోస్ డ్రైవ్ వైరు తీసేయండి. అది వైరు లేకుండా మదర్‌బోర్డుకే బిగించే ఎం.2 కార్డు అయితే స్క్రూ విప్పి బయటికి తీయండి. నా ఉద్దేశంలో ఈ మొత్తం పనిలో దీన్ని మించిన జాగ్రత్త లేదు. మీరు రెండో డ్రైవ్ ఎంచుకున్నా, లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు పాత ఇన్‌స్టాలర్ బూట్‌లోడర్‌ని (సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్‌ని) తీసుకెళ్లి మొదటి డ్రైవ్‌లో బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్‌లో పెట్టేసేది. విండోస్ ఇన్‌స్టాలర్ బుద్ధీ అంతే. అసలు ఇంకో డ్రైవ్ కనిపించకపోతే ఎవరి బూట్ ఫైళ్లు వాళ్ల దగ్గరే ఉంటాయి, పొరపాటున విండోస్ డ్రైవ్ ఫార్మాట్ అయ్యే వీలూ ఉండదు.

తీయడం కుదరని ల్యాప్‌టాప్‌లో ఆ స్లాట్‌ని బయోస్ నుంచి డిసేబుల్ చేయగలరేమో చూడండి. అదీ లేకపోతే మాన్యువల్ పార్టిషనింగ్ ఎంచుకుని, లినక్స్ డ్రైవ్‌లోనే 1 జీబీ ఈఎఫ్ఐ పార్టిషన్ కొత్తగా చేసి, బూట్‌లోడర్ అక్కడికే వెళ్లేలా చూడండి. రెండు డ్రైవ్‌లూ ఒకే సైజువైతే సైజు చూసి గుర్తుపట్టలేరు, మోడల్ పేరు ముందే రాసుకోండి.

లినక్స్ ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్‌ని యూఈఎఫ్ఐ అనే కొత్త మోడ్‌లోనే బూట్ చేయండి, లెగసీ అనే పాత మోడ్ వద్దు. వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకుండా, ట్రై చేసే ఆప్షన్‌లో వైఫై, సౌండ్, ముఖ్యంగా షాపు ప్రింటర్ పనిచేస్తున్నాయో చూసుకోండి.

అయిపోయిన తర్వాత

లినక్స్ ఒక్కటే రెండుసార్లు రీస్టార్ట్ అయి బాగానే లేచాక, మళ్లీ ప్లగ్ పీకి విండోస్ డ్రైవ్ బిగించండి. ఏది కావాలో గ్రబ్ మెనూలో కంటే కంప్యూటర్ బూట్ మెనూలో ఎంచుకోవడం మేలు. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. గ్రబ్ ద్వారా విండోస్‌కి వెళ్తే బిట్‌లాకర్ కీ అడిగే అవకాశం ఉంది. షాపులో రోజూ కూర్చునేవాళ్ల కోసం బూట్ వరసలో విండోస్‌నే ముందుంచండి, మీరు ఊళ్లో లేనప్పుడు ఫోన్లు రావు.

రెంటి మధ్యా తిరిగేటప్పుడు గడియారం 5:30 గంటలు తేడా చూపిస్తుంది. మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ మన టైమ్‌గా చదువుతుంది, లినక్స్ యూటీసీగా (మనకంటే 5:30 గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంగా) చదువుతుంది. నెట్ ఉంటే సర్దుకుంటుంది. నెట్ లేని రోజు సాయంత్రం 6:30 దాటాక లినక్స్‌లో తేదీ మర్నాటిది కనిపించవచ్చు, బిల్లులు కొట్టేవారికి అది చిక్కే. లినక్స్‌ని లోకల్ టైమ్ వాడమని ఒకసారి సెట్ చేస్తే సరిపోతుంది.

డ్రైవ్‌లు వేరు చేసినా సెక్యూర్ బూట్ రెండింటికీ ఉమ్మడిదే. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత రెండు సిస్టమ్‌లూ ఉన్న (డ్యూయల్ బూట్) చాలా మెషీన్లలో లినక్స్ సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అంటూ ఆగిపోయింది. అలాంటిది ఎదురైతే కంగారుపడి డ్రైవ్ ఫార్మాట్ చేయకండి. రికవరీ కీ దగ్గర పెట్టుకుని సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లినక్స్‌ని అప్‌డేట్ చేసి, మళ్లీ ఆన్ చేసి చూడండి. దీనికోసమే ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌ని సినిమాలు ఎక్కించడానికి వాడేయకుండా పక్కన ఉంచుకోవాలి.