శిక్షణ కేంద్రంగానూ నడిచే పాలీహౌస్: సమస్యలు, పరిష్కారాలు

చేవెళ్ల, శంషాబాద్ వైపు పాలీహౌస్‌లో, అంటే పాలిథిన్ కప్పిన షెడ్డులో, క్యాప్సికం, జర్బెరా పూలు వేసేవాళ్లలో కొందరికి అక్కడే తోటి రైతులకు శిక్షణ కూడా ఇద్దామని ఉంటుంది. మంచి ఆలోచన. కానీ అమ్మే పంట, నేర్పే పంట ఒకే కప్పు కింద పెడితే రెండూ దెబ్బతింటాయి. స్తంభాలు పాతకముందే ఈ కింది తిప్పలు చూసుకోండి.

సమస్య: శిక్షణ జరిగిన వారం పది రోజులకే తెల్లదోమ, తామర పురుగులు

కారణం: వచ్చేవాళ్లు తెల్లారే తమ చేను చూసుకుని నేరుగా ఇక్కడికి వస్తారు. పురుగు బట్టల మీదే వస్తుంది. మా తలుపు దగ్గర ఒకామె పసుపు చున్నీ దులిపితే ఐదారు తెల్లదోమలు లేచాయి. జిగురు అట్టలకు పసుపు రంగు వాడేది ఇందుకే కదా! 40 మెష్ వల (అంగుళానికి 40 కళ్లున్నది) ఉందని ధీమా పడొద్దు, తామర పురుగు అందులోంచి దూరిపోతుంది.

పరిష్కారం: ఎకరం షెడ్డు, అంటే సుమారు 4,000 చదరపు మీటర్లు వేస్తుంటే, నేర్పడానికి 400 చదరపు మీటర్లది విడిగా కట్టండి. దేని తలుపు దానికే. రెండింటికీ ప్రవేశం దగ్గర రెండేసి తలుపుల చిన్న గది ఉండాలి, ఒకటి మూశాకే రెండోది తెరవాలి. కూలీలు పొద్దున ముందు అమ్మే పంటలో పని ముగించాకే శిక్షణ షెడ్డులోకి వెళ్లాలి. అక్కణ్నుంచి ఆ రోజు మళ్లీ ఇటు రాకూడదు. ఈ ఒక్క నియమం తప్పితే మిగతా ఖర్చంతా వృథా.

సమస్య: మధ్యాహ్నం మొక్కలు వాడి, సాయంత్రానికి తేరుకుంటున్నాయి

కారణం: మొక్క పీకి వేరు చూడండి. బుడిపెలుంటే నులిపురుగులు. చెప్పులకు అంటిన మట్టితోనూ, బయట తెచ్చిన ఎర్రమట్టితోనూ వస్తాయి.

పరిష్కారం: లోపలికి వేరే చెప్పులు పెట్టండి. కాళ్లు ముంచే మందు నీళ్ల తొట్టి ఒక్కటే చాలదు, ముందు మట్టి కడగాలి. ఏప్రిల్, మే నెలల్లో బెడ్లు తడిపి పారదర్శక పాలిథిన్ నాలుగు నుంచి ఆరు వారాలు కప్పండి. నల్లది కప్పితే మట్టి అంత వేడెక్కదు. తర్వాత వేప పిండి, ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంధ్రం) కలిపిన పశువుల ఎరువు వేయండి.

సమస్య: ఏ బ్యాచ్ వచ్చినా ఒకే దశ పంట చూసి పోతోంది

కారణం: అంతా ఒకేసారి నాటడం. అమ్మకానికి అది సరే, నేర్పడానికి పనికిరాదు.

పరిష్కారం: శిక్షణ షెడ్డులో మూడు వారాలకో బెడ్డు నాటండి. అప్పుడు నారు, కొమ్మ కత్తిరింపు, దారం కట్టడం, కోత అన్నీ ఒకే రోజు చేయించవచ్చు. ఒక బెడ్డులో తెగులు కావాలనే ఉంచుతామంటే వద్దు. ఫొటోలు చాలు.

సమస్య: లేటరల్ (బెడ్డు వెంట వేసే సన్న డ్రిప్ పైపు) చివరి మొక్కలు ఎదగడం లేదు

డ్రిప్పర్ మీది తెల్లపొడిపై నిమ్మరసం చుక్క వేయండి. బుసబుస పొంగితే బోరు నీటిలోని సున్నం. నీటి పరీక్ష చేయించి, దాన్నిబట్టి యాసిడ్ ట్రీట్‌మెంట్ (పైపుల్లోకి పలచని యాసిడ్ పంపి సున్నం కరిగించడం) చేయండి, చివరి మూతలు తీసి పైపులు కడగండి.

సమస్య: వేసవిలో పదకొండు దాటితే లోపల ఎవరూ నిలవలేరు

కారణం: చాలాచోట్ల తరగతి గదిని నైరుతి వైపు కట్టేస్తారు. వచ్చే గాలి అక్కడే ఆగిపోతుంది, సాయంత్రం నీడా పంట మీదే పడుతుంది.

పరిష్కారం: గది ఉత్తరం వైపు కట్టండి. చేతిపని పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకే, పాఠం ఆ తర్వాత గదిలో.