ఫోటో బరువు తగ్గాలి, కళ తగ్గకూడదు

వరంగల్ కొత్తవాడలో జంపఖానాల వ్యాపారం చేసే మా బావ ఆన్‌లైన్‌లో పెట్టే ఫోటోలన్నీ నా చేతుల మీదుగానే వెళతాయి. బతుకమ్మ రోజుల్లో చుట్టాల ఫోటోలూ నా దగ్గరికే వస్తాయి. అందరి ఫిర్యాదూ ఒకటే: ‘ఫోటో ఎక్కడం లేదు, సైజు తగ్గించు.’ తగ్గించడం క్షణంలో పని. తగ్గించాక మొదలయ్యే తలనొప్పులకే మందు వెతుక్కోవాలి.

సమస్య: క్వాలిటీ బాగా దించాను. ఫోటో గళ్లు గళ్లుగా పాడైంది, సైజు మాత్రం ఇంకా పరిమితి దాటే ఉంది.

కారణం: కోయాల్సిన చోట కోయలేదు. 12 మెగాపిక్సెళ్ల ఫోటో అంటే 4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు; మొత్తం కోటీ ఇరవై లక్షల చుక్కలు. చుక్కకు మూడు బైట్ల చొప్పున అసలు బరువు 36 ఎంబీ. ఫోన్లు ఎక్కువగా వాడే ఫోటో ఫైలు పద్ధతి జేపెగ్ దాన్ని మూడు, నాలుగు ఎంబీలకు దించుతుంది. అందుకోసం బొమ్మను 8×8 చుక్కల గళ్లుగా విడదీసి, కంటికి అంతగా ఆనని సన్న వివరాలను వదిలేస్తుంది. క్వాలిటీని వందకు 20కో 30కో తెస్తే వదిలేసేది ఎక్కువై, ఆ గళ్ల అంచులే బయటపడతాయి.

పరిష్కారం: ముందు కొలత తగ్గించండి, క్వాలిటీ జోలికి తర్వాత వెళ్లండి. పొడవైన వైపు 1600కు తెస్తే 1600×1200, అంటే 19,20,000 చుక్కలు. మొదటిదాంట్లో ఆరో వంతు కూడా ఉండవు. ఆపైన క్వాలిటీ 80 దగ్గర ఉంచినా ఫోటో తేలిగ్గా ఎక్కుతుంది. విండోస్ పెయింట్‌లో కంట్రోల్, డబ్ల్యూ కలిపి నొక్కితే రీసైజ్ పెట్టె వస్తుంది. అందులో శాతం కాకుండా పిక్సెల్స్ ఎంచుకోండి. పెయింట్‌లో క్వాలిటీ మీట లేదు, దానికి ఉచితంగా దొరికే గింప్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్ వాడండి. ‘72 డీపీఐ చేస్తే తగ్గుతుంది’ అనే సలహాను మాత్రం నమ్మకండి. అచ్చు వేసేటప్పుడు అంగుళానికి ఎన్ని చుక్కలు పరచాలో చెప్పే చీటీ అది. చీటీ మీద అంకె మార్చినంత మాత్రాన మూట బరువు తగ్గదు.

సమస్య: ఒకే ఫోన్, ఒకే కొలత. కోట తోరణం ఫోటో 3 ఎంబీ ఉంటే బతుకమ్మ ఫోటో 6 ఎంబీ ఉంది.

కారణం: తోరణం ఫోటోలో సగం ఆకాశమే. ఒకే నీలం పరుచుకున్న గడిని జేపెగ్ ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. తంగేడు, గునుగు, బంతి వరసలుగా పేర్చిన బతుకమ్మలో పక్కపక్క చుక్కలు రెండు ఒకేలా ఉండవు. అదీ రాత్రి వేయిస్తంభాల గుడి దగ్గర తీసిందైతే, చీకట్లో కెమెరా పుట్టించే నలుసులు తోడవుతాయి. పూరేకకూ నలుసుకూ తేడా తెలియక జేపెగ్ రెండింటినీ మోస్తుంది.

పరిష్కారం: ఆ నలుసులను తుడిచే నాయిస్ రిడక్షన్ కొద్దిగా వేసి, పనికిరాని చీకటి భాగం క్రాప్ చేసి, అప్పుడు కుదించండి. అన్ని ఫోటోలకూ ఒకే క్వాలిటీ అంకె పెట్టకండి. వింతగా అనిపించవచ్చు కానీ, బరువున్న పూల ఫోటోనే 70కి దించినా నష్టం కనబడదు, రేకల సందడిలో కలిసిపోతుంది. తేలికైన ఆకాశం ఫోటోలోనే చారలు తేలతాయి. దానికి 85 ఉంచండి.

సమస్య: జంపఖానా మీద ఎర్ర చార అంచు చెదిరినట్టుంది.

మా బావకు ఇది పెద్ద గొడవే తెచ్చింది. ఫోటో చూసిన ఒక కొనుగోలుదారు ‘ఉతికితే రంగు పోతుందా?’ అని అడిగాడు. సరుకులో లోపం లేదు, కుదింపులో ఉంది. మన కన్ను వెలుగు తేడాను పట్టినంత నిశితంగా రంగు తేడాను పట్టదు. అందుకే జేపెగ్ చాలాసార్లు వెలుగును చుక్క చుక్కకూ రాసుకుని, రంగును నాలుగు చుక్కలకు కలిపి ఒక్కటే రాసుకుంటుంది. ముఖాల మీద, చెట్ల మీద ఇది తెలియదు. నలుపు పక్కనే చిక్కటి ఎరుపు నేసిన చోట మాత్రం ఎరుపు పక్కకు కారినట్టు కనిపిస్తుంది.

పరిష్కారం: గింప్‌లో జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో సబ్‌శాంప్లింగ్ దగ్గర 4:4:4 ఎంచుకోండి, అంటే రంగును కూడా చుక్క చుక్కకూ రాసుకోమని చెప్పడం. సైజు కొంత పెరుగుతుంది. ఆ పెరుగుదలను క్వాలిటీలో కాకుండా వెడల్పులో సర్దుకోండి. నేను 1600 బదులు 1400 పెడతాను. ప్రివ్యూ గడిలో టిక్ పెడితే సేవ్ చేయకముందే ఎన్ని కేబీలు అవుతుందో చూపిస్తుంది.

సమస్య: జేపెగ్‌గా మారిస్తే తగ్గకపోగా పెరిగింది.

అది ఐఫోన్ ఫోటో అయి ఉంటుంది. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి కొత్త ఐఫోన్లు ఫోటోలను హెచ్‌ఈఐసీ అనే మరో ఫైలు పద్ధతిలో దాస్తున్నాయి. అది జేపెగ్ కన్నా బాగా గట్టిగా కుదిస్తుంది. మార్చేటప్పుడే కొలత కూడా తగ్గించండి. ఏ వివరాన్నీ వదలకుండా దాచే పీఎన్‌జీ పద్ధతి ఫోటో అయితే దీనికి తలకిందులు: జేపెగ్ చేయగానే దిగిపోతుంది. కానీ అక్షరాలున్న పోస్టర్లను, స్క్రీన్‌షాట్లను పీఎన్‌జీలోనే ఉంచండి, లేకపోతే అక్షరాల చుట్టూ మురికి చేరుతుంది.

సమస్య: తగ్గించాక ఫోటో పక్కకు పడుకుంది.

నిలువుగా తీసినా చాలా ఫోన్లు చుక్కలను తిప్పవు, ‘తిప్పి చూపించు’ అని ఫైలులో గుర్తు రాసి ఊరుకుంటాయి. కుదించే యాప్ ఆ గుర్తును చెరిపేసింది. ముందు నిలువుగా తిప్పి సేవ్ చేసి, తర్వాత కుదించండి. ఫోటో తీసిన చోటు వివరాలూ ఆ గుర్తుల పక్కనే ఉంటాయి కాబట్టి, ఇంట్లో తీసిన ఫోటోలకు అవి చెరిగిపోవడమే మేలు.

సమస్య: చిన్నది చేసిన ఫోటోను మళ్లీ పెద్దది చేస్తే మసకగా ఉంది.

మా పెద్దమ్మ బతుకమ్మ ఎత్తుకున్న ఫోటోను 800 పిక్సెళ్లకు కుదించి, అదే పేరుతో సేవ్ చేశాను. ఆమె పోయాక పటం కట్టిద్దామని చూస్తే, అంగుళానికి 300 చుక్కల లెక్కన మూడు అంగుళాల వెడల్పు కూడా రాలేదు. పోయిన చుక్కలు తిరిగి రావు. అదృష్టవశాత్తు మా చెల్లి ఫోన్‌లో అసలు ఫైలు ఉంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది కూడా కుదించుకుపోయేదే, డాక్యుమెంట్‌గా పంపించమన్నాను. ఇప్పుడు ‘అసలు’ అనే ఫోల్డర్‌లోంచి కాపీ తీసుకోకుండా దేన్నీ ముట్టుకోను.